నలభై కిలోమీటర్ల సంత

హంగేరీ దేశంలోని చిన్న పట్టణాల్లో వారం వారం జరిగే రైతుల సంత ఈనాటి మన విషయం. హంగేరీ మధ్య ఐరోపాలో ఉంది. చుట్టూ ఏడు దేశాలు, సముద్రం ఏ దిక్కునా లేదు, జనాభా కోటికి కాస్త తక్కువ. అక్కడ పది పాతిక వేల జనం ఉన్న పట్టణమంటే సాధారణంగా సంతకంటూ ఒక చోటు ఉంటుంది. శనివారం తెల్లవారుజామునే జనం చేరతారు, మధ్యాహ్నానికల్లా బల్లలు ఖాళీ అవుతాయి. శనివారానికి అంత ప్రాధాన్యం రావడానికి కారణం ఆదివారపు భోజనం. కోడిమాంసమో గొడ్డుమాంసమో సన్నటి సెగమీద గంటల తరబడి కాచి తీసిన తేట సూపు లేకుండా చాలా ఇళ్ళలో ఆదివారం గడవదు. అందుకే క్యారట్, పార్స్లీ దుంప, సెలరీ దుంప, నూల్‌కోల్ కలిపి ఆకులతో సహా కట్టలు కట్టి, సూపు కూరల పేరుతోనే అమ్ముతారు. మే నెలలో స్ట్రాబెర్రీలు, జూన్‌లో చెర్రీలు, వాటి వెనకే పుల్ల చెర్రీలు, జులైలో ఆప్రికాట్లు, ఆగస్టులో టమాటాలూ కూరమిరపా, సెప్టెంబరులో ప్లమ్ పళ్ళు, చలికాలంలో పీపాల్లో ఊరిన క్యాబేజీ, అక్రోట్లు, గసగసాలు. బల్లలు చూస్తే ఏ నెల నడుస్తోందో తెలిసిపోతుంది. అదే పట్టణం శివారులో టెస్కోయో లిడ్లో స్పారో ఏడాది పొడుగునా అన్ని కాలాల పళ్ళనూ ఒకే వెలుతురులో పేర్చి పెట్టుకుని ఉంటుంది. మరి ఈ సంత ఎందుకు నిలిచింది, నిలవవలసిన అవసరం ఏమిటి అని అడిగితే మామూలుగా మూడు జవాబులు వస్తాయి: పాత అలవాటు, చవక, తాజాదనం. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే అసలు కారణం వీటికి లోపల ఉందని నా వాదన. పండించిన మనిషే బల్ల వెనక నిలబడి, తన సరుకుకు తానే జవాబు చెప్పే చోటు అది. ఆ గుణం ఉన్నంతవరకే అది రైతుసంత, అది పోయిన రోజున మరో కూరగాయల బజారు.

ఒక పట్టణాన్ని దగ్గరగా చూద్దాం. దేశానికి ఆగ్నేయ మూలలో, రుమేనియా సరిహద్దుకు చేరువగా, మరోష్ నది పక్కన మాకో అనే ఊరుంది. పత్రికారంగంలో పులిట్జర్ బహుమతి ఎవరి పేరిట ఇస్తారో ఆ జోసెఫ్ పులిట్జర్ 1847లో పుట్టింది ఆ ఊళ్ళోనే. హంగేరీలో మాత్రం మాకో అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఉల్లిపాయ. ఘాటైన రుచి, గట్టి గడ్డ, నెలల తరబడి కుళ్ళకుండా నిలవుండే గుణం దానివి. ఆ గుణం ఊరికే రాలేదు. సంప్రదాయ పద్ధతిలో మాకో ఉల్లి రెండేళ్ళ పంట. మొదటి ఏడు విత్తనం ఒత్తుగా చల్లి చిట్టి గడ్డలు తీస్తారు. చలికాలమంతా వాటిని వెచ్చటి చోట దాచిపెడతారు. ఆ వెచ్చదనం తగిలిన గడ్డలు మరుసటి ఏడు నాటినప్పుడు పూతకు పోకుండా ఊరతాయి. ఎంత వెచ్చగా, ఎన్నాళ్ళు ఉంచాలన్నది తరతరాలుగా చేతికి అబ్బిన విద్య. ఈ పంటకు ఎకరాల కన్నా ఇంటిల్లిపాది శ్రద్ధ ముఖ్యం కాబట్టి దీన్ని తీర్చిదిద్దినవాళ్ళు పెద్ద భూస్వాములు కారు, కొద్దిపాటి సొంత నేలో కౌలు నేలో ఉన్న చిన్న రైతులు. తర్వాత ఒకే సీజన్‌లో విత్తనం నుంచి నేరుగా గడ్డ తీసే రకాలు, యంత్రాలకు అనువైనవి, వచ్చాయి. గోదాము తక్కెడలో రెండు రకాల ఉల్లీ ఒక్కటే, కిలో అంటే కిలో. రెండేళ్ళ శ్రమకు విలువ కట్టాలంటే ఆ తేడా తెలిసిన కొనుగోలుదారు కావాలి, ఆ తేడా చెప్పగల అమ్మకందారు కావాలి, ఇద్దరూ ఎదురుపడాలి. ఐరోపా సమాఖ్య మాకో ఉల్లికి భౌగోళిక గుర్తింపు ఇచ్చి పేరును కాపాడింది, అది మంచి పనే. కానీ ముద్ర పేరును కాపాడుతుందే తప్ప పద్ధతి తెలిసిన మనిషికి ఆదాయం తెచ్చిపెట్టదు. ఆ పని జరగవలసింది అమ్మకం దగ్గర.

తన పంటను తన చేతులతో అమ్ముకునే ఈ హక్కు హంగేరీ రైతుకు ఎన్నడూ పుట్టుకతో వచ్చిన సొత్తులా నిలవలేదు. 1945లో భూసంస్కరణ జరిగి పెద్ద ఎస్టేట్లను పంచినప్పుడు ఆరు లక్షల మందికి పైగా నేల అందింది. అయిదేళ్ళు తిరక్కముందే కమ్యూనిస్టు ప్రభుత్వం నిర్బంధ లెవీని కఠినం చేసింది. ధాన్యం, మాంసం, గుడ్లు, పాలు రాసిపెట్టిన లెక్క ప్రకారం ప్రభుత్వానికి అప్పగించాకే మిగిలింది సంతకు తేవాలి. లెక్క తీరనివాళ్ళ ఇళ్ళకు మనుషులొచ్చి అటకమీద దాచుకున్న గింజల్ని ఊడ్చుకుపోయేవాళ్ళు. అటకలు ఊడ్చిన కాలం అనే మాట ఆ దేశపు పల్లెల్లో ఇప్పటికీ మరపున పడలేదు. ఇందులో మనసు కలచివేసే విషయం ఒకటుంది. 1949 నుంచి 1953 దాకా వ్యవసాయ మంత్రిగా ఉన్న ఫెరెన్స్ ఎర్దెయి 1910లో మాకోలో ఉల్లి పండించే కుటుంబంలోనే పుట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు ఉల్లి రైతుల సహకార సంఘంలో పనిచేసి, వాళ్ళ సరుకుకు మంచి బేరం ఎలా కుదర్చాలా అని ఆలోచించినవాడు, హంగేరీ పల్లెల గురించి గొప్ప పరిశోధన చేసిన సామాజికవేత్త. రైతు బతుకు అంత దగ్గరగా తెలిసిన మనిషి హయాంలోనే రైతుకూ సంతకూ మధ్య లెవీ అడ్డుగోడగా నిలిచింది. తెలిసినవాళ్ళు పైన కూర్చుంటే అంతా సర్దుకుంటుందన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. కమ్యూనిస్టు ప్రభుత్వం మీద 1956లో జరిగిన తిరుగుబాటు రోజుల్లో నిర్బంధ లెవీ రద్దయింది. తిరుగుబాటును అణచివేసిన తర్వాత వచ్చిన ప్రభుత్వం కూడా దాన్ని మళ్ళీ తెచ్చే సాహసం చేయలేదు.

అయితే 1959 నుంచి 1961 వరకు పొలాలను సామూహిక క్షేత్రాల్లో కలిపేశారు. రైతు కుటుంబానికి సొంతంగా సాగు చేసుకోవడానికి మిగిలింది పెరటి కమతం. మామూలుగా అది ఒక హోల్డ్, అంటే మన లెక్కలో ఎకరం నలభై సెంట్లు. సంత ప్రాణం నిలిచింది ఆ ఎకరం నలభై సెంట్ల మీదే. 1968 ఆర్థిక సంస్కరణల తర్వాత ప్రభుత్వం పెరటి సేద్యాన్ని అనుమానంగా చూడడం మాని ప్రోత్సహించింది. పల్లె ఇళ్ళ వెనక ప్లాస్టిక్ పట్టా గుడారాలు వెలిశాయి, వాటిలో కూరమిరప, టమాటా వసంతం కన్నా ముందే కాసేవి. సెంతెష్ పట్టణం చుట్టుపక్కల భూగర్భంలోంచి పైకి వచ్చే వేడినీటితో కూరగాయల షెడ్లను వెచ్చబెట్టడం నేర్చుకున్నారు. 1980ల నాటికి దేశపు వ్యవసాయ ఉత్పత్తిలో సుమారు మూడోవంతు ఈ చిన్న కమతాల నుంచే వచ్చేదని అంచనా. దుకాణంలో ధర ప్రభుత్వం నిర్ణయించినదైతే సంతలో ధర కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కుదుర్చుకున్నది. దీన్ని చూపి కొందరు, చూశారా, సొంత ఆస్తి సామూహిక వ్యవస్థను ఓడించింది అంటారు. అంత సూటిగా తేల్చేయడం న్యాయం కాదు. పెరటి రైతుకు దాణా, పందిపిల్లలు, దుక్కికి ట్రాక్టరు అందించింది చాలాచోట్ల సామూహిక క్షేత్రమే. వెనక ఒక ఉమ్మడి సంస్థ ఆసరా, ముందు సొంత పేరుతో అమ్ముకునే బల్ల, ఈ రెండూ కలిసినప్పుడే చిన్న కమతం అంత పండించింది. ఈ పాఠం తర్వాతి కాలం వాళ్ళు సగమే గుర్తుపెట్టుకున్నారు.

కమ్యూనిస్టు పాలన ముగిసి, 1990 తర్వాత సామూహిక క్షేత్రాలు చెదిరిపోయాయి. పోగొట్టుకున్న ఆస్తికి బదులుగా ఇచ్చిన పరిహారపు పత్రాల ద్వారా నేల చిన్న చిన్న ముక్కలుగా చేతులు మారింది. ఆసరాగా ఉన్న సంస్థ పోయింది. విదేశీ గొలుసు దుకాణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2004 మే 1న హంగేరీ ఐరోపా సమాఖ్యలో చేరాక సరిహద్దులు దాటి వచ్చే సరుకుకు అడ్డు లేకుండా పోయింది. సరిగ్గా ఆ ఏడాదే అక్టోబరులో జరిగిన ఒక ఘటన నా వాదనకు అన్నింటికన్నా బలమైన సాక్ష్యం. హంగేరీ వంటకు ప్రాణం పాప్రికా, అంటే ఎండుమిరప పొడి. తురుష్కుల కాలంలో అక్కడికి చేరిన ఈ పంట సెగెద్, కలొచ పట్టణాల చుట్టూ స్థిరపడి ఆ దేశపు గుర్తుగా మారింది. ఆల్బర్ట్ సెంట్-జార్జి విటమిన్ సి ని పెద్ద మొత్తంలో వేరుచేయగలిగింది సెగెద్‌లో పండిన పాప్రికా కాయల నుంచే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి దేశంలో ప్రభుత్వం పాప్రికా పొడి అమ్మకాలను ఉన్నపళాన ఆపేయవలసి వచ్చింది. దుకాణాల్లో హంగేరీ పాప్రికాగా అమ్ముడవుతున్న పొడుల్లో బ్రెజిల్ నుంచీ స్పెయిన్ నుంచీ తెప్పించిన సరుకు కలిపారనీ, అందులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం అనుమతించిన మోతాదును మించి ఉందనీ బయటపడింది. పెద్ద పేర్లున్న పొట్లాలే అవి. గుంటూరు మిరప పేరు మీద బతికే ప్రాంతం వాళ్ళకు ఆ వార్త ఎంత కలవరం పుట్టిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ సరఫరా గొలుసులో ప్రతి ఒక్కరి దగ్గరా కాగితాలున్నాయి. దిగుమతిదారుకు బిల్లు ఉంది, మిల్లుకు లైసెన్సు ఉంది, దుకాణానికి రసీదు ఉంది. ఇది నా సరుకు అని చెప్పగలిగిన మనిషి మాత్రం ఆ గొలుసులో ఎక్కడా లేడు.

ఇప్పుడు చట్టం సంగతి. సమాఖ్య ఆహార పరిశుభ్రతా నిబంధనలు పెద్ద కర్మాగారాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అవే కొలతలతో చూస్తే ఇంట్లో జామ్ కాచి అమ్మే కుటుంబం ఒక్క రోజు కూడా నిలవదు. అయితే రైతు నేరుగా తినేవాళ్ళకు కొద్ది మొత్తంలో అమ్మితే ఏ నియమాలు ఉండాలో ప్రతి దేశం తనకు తాను రాసుకునే వెసులుబాటు అందులోనే ఉంది. హంగేరీ 2010లో చిన్న ఉత్పత్తిదారులకు ప్రత్యేక నియమావళి తెచ్చింది. 2012లో స్థానిక రైతుసంత అనే వర్గాన్ని వేరుచేసి, దాన్ని తెరవడం సులభం చేసింది. మామూలు మార్కెట్‌కు అనుమతి కావాలి, రైతుసంతకైతే స్థానిక కార్యాలయానికి తెలియజేస్తే చాలు. అందుకు బదులుగా పెట్టిన షరతు నాకు అన్నింటికన్నా నచ్చింది. అక్కడ అమ్మే రైతు క్షేత్రం అదే జిల్లాలో ఉండాలి, లేదా సంతకు నలభై కిలోమీటర్ల లోపు ఉండాలి. బుడాపెస్ట్ సంతలకు మాత్రం దేశంలో ఎక్కడినుంచైనా రావచ్చు. తెచ్చేది తను పండించిందో తను తయారుచేసిందో కావాలి. నలభై కిలోమీటర్లంటే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరే దూరం. అంత దగ్గరివాడు వచ్చే శనివారమూ అదే బల్ల దగ్గర ఉంటాడు, ఆ పై శనివారమూ ఉంటాడు. పురుగుపట్టిన గసగసాలు ఈ వారం అంటగడితే వచ్చే వారం ఆ మాట పట్టణమంతా తెలుస్తుంది. నిజాయితీ అనేది మనిషి స్వభావం మీదే కాదు, మళ్ళీ ఎదురుపడవలసి రావడం మీదా ఆధారపడుతుంది. ఆ చట్టం రాసినవాళ్ళు ఈ సంగతి గ్రహించారనుకుంటాను. బుడాపెస్ట్‌లో పెరిగిన ఆర్థిక చింతకుడు కార్ల్ పొలాన్యీ 1944లో వెలువరించిన తన ప్రసిద్ధ గ్రంథంలో ఈ దిశగానే ఆలోచించాడు. చరిత్రలో చాలాకాలం కొనుగోలు అమ్మకాలు మనుషుల సంబంధాల లోపల ఒదిగి ఉండేవనీ, సమాజాన్నే మార్కెట్ చేతికి అప్పగించే ప్రయత్నం ఆధునిక కాలానిదనీ ఆయన వాదించాడు. నలభై కిలోమీటర్ల నియమం ఆ పాత ఒదుగుదలను కొద్ది మేరకైనా చట్టంలోకి తెచ్చింది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ముఖం చూసి నమ్మడం ప్రమాదం కాదా? రైతు చేతులు మట్టితో ఉన్నంత మాత్రాన సరుకు శుద్ధమని ఎలా అనుకుంటాం? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయడానికి లేదు, ఎందుకంటే హంగేరీలోనే 1994లో పాప్రికా పొడిలో ఎర్రరంగు కోసం సీసపు ఆక్సైడు కలిపిన ఉదంతం జరిగింది, చాలామంది సీసం విషానికి గురై ఆసుపత్రుల పాలయ్యారు. దిగుమతి సరుకూ పెద్ద గొలుసు దుకాణాలూ దేశాన్ని ఇంకా ముంచెత్తకముందే అది జరిగింది. కాబట్టి ఊరివాళ్ళు, దగ్గరివాళ్ళు అనే మాట ఒక్కటే రక్ష కాదు. దానికి తోడు పేరు, చిరునామా, నమోదు సంఖ్య కావాలి, తనిఖీ కావాలి. రైతు నమోదు ఒకప్పుడు కార్డుల రూపంలో ఉండేది. 2021 నుంచి వ్యవసాయ మండలి నిర్వహించే పట్టికలోకి మారింది. ఆహార భద్రతా సంస్థ సంతలకూ వచ్చి నమూనాలు తీసుకుంటుంది. నేననేది ఇదే. తనిఖీ అధికారికి సంతలో పని సులభం. నమూనా చెడ్డదని తేలితే దాని పుట్టుక వెతుక్కుంటూ రెండు ఖండాలు తిరగక్కర్లేదు. బల్ల వెనక ఎవరున్నారో వాళ్ళనే అడగాలి. తనిఖీకీ పరిచయానికీ పోటీ పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమనడం తప్పు. పరిచయం లేని చోట తనిఖీ ఆలస్యంగా మేలుకుంటుంది, తనిఖీ లేని చోట పరిచయం మోసానికి ముసుగవుతుంది.

రెండో అభ్యంతరం ధర. రైతుసంతలో అన్నీ చవకగా ఉండవు. ఇంటి జామ్, వెన్న తీయని పాలతో చేసిన మీగడ పెరుగు, నాటుకోడి గుడ్లు అక్కడ దుకాణం కన్నా ఎక్కువ పలుకుతాయి. ఋతువు నడిమధ్యలో టమాటా, పుల్ల చెర్రీ తక్కువకు రావచ్చు. 2022 చివర్లో, 2023 మొదట్లో హంగేరీలో ఆహార పదార్థాల ధరలు ఏడాదిలో నలభై శాతానికి పైగా పెరిగాయి, ఐరోపా సమాఖ్యలోకెల్లా అదే అత్యధిక పెరుగుదల. పింఛను మీద బతికే ముసలివాళ్ళు అక్కడి నాణెమైన ఫోరింటును ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవలసిన రోజుల్లో రెండేళ్ళ ఉల్లిపాయ గొప్ప గురించి చెప్పడం వాళ్ళను చిన్నబుచ్చినట్టు కాదా అని అడగవచ్చు. దీనికి నా జవాబు: చవకదనం అనే స్తంభం మీద సంతను నిలబెట్టకూడదు. ఆ పోటీలో వేల టన్నులు ఒకేసారి కొనే గొలుసు దుకాణమే ఎప్పుడూ గెలుస్తుంది. ఇక్కడ మన అనుభవం కూడా పనికొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతే అమ్మాలి, దళారీ ఉండకూడదు. ఇంతవరకూ హంగేరీ ఆలోచన, మన ఆలోచన ఒకటే. తేడా ధర దగ్గర వచ్చింది. మన రైతు బజారులో రోజూ ధరల బోర్డు రాస్తారు, టోకు ధరకు పైన, చిల్లర ధరకు కింద ఒక అంకె నిర్ణయిస్తారు. పట్టణంలో పేద మధ్యతరగతి ఇళ్ళకు అది చేసిన మేలు పెద్దది, దాన్ని తక్కువ చేయను. కానీ టమాటా అంతా ఒకే ధర అన్నప్పుడు మంచి రుచి కోసం తక్కువ కాపు కాసే రకాన్ని ఎంచుకున్న రైతుకు ప్రతిఫలం దొరకదు, మెల్లగా అందరూ ఎక్కువ కాసే గట్టి రకానికే మారతారు. హంగేరీ సంతలో అట్టముక్కమీద ఎవరి ధర వాళ్ళు రాసుకుంటారు. ఒకే బల్లల వరసలో మూడు ధరల టమాటాలు ఉంటాయి, ఎందుకంత అని అడిగే హక్కు కొనేవాళ్ళకు ఉంటుంది. చవకగా తినిపించడం ప్రభుత్వ బాధ్యత అనుకుంటే, ఆ పనికి పన్ను అనే సాధనం ఉంది. 2012 నుంచి హంగేరీలో సాధారణ వ్యాట్ ఇరవై ఏడు శాతం, ఐరోపా సమాఖ్యలో అదే అత్యధికం, దుకాణంలో కూరగాయల మీదా అదే పడుతుంది. దాన్ని తగ్గించే అధికారం చేతిలో ఉంచుకుని చవకదనం భారాన్ని చిన్న రైతు నెత్తిన పెట్టడం సరి కాదు.

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇంకో ఫిర్యాదు వినాలి. చిన్న రైతులకు వ్యాట్‌లో ప్రత్యేక ఏర్పాటు ఉంది, వాళ్ళు సంతలో అమ్మేటప్పుడు ఆ ఇరవై ఏడు శాతం వసూలు చేయనక్కర్లేదు. ఇది దుకాణదారుకు అన్యాయం అని కొందరంటారు. సొంత పంట వరకే అయితే నాకిందులో అన్యాయం కనబడదు. అన్యాయం మొదలయ్యేది మారుబేరగాడు రైతు వేషం వేసినప్పుడు. టోకు మార్కెట్‌లో పెట్టెలు కొనుక్కొచ్చి, లేబుళ్ళు చింపేసి, తోటలోంచి ఇప్పుడే కోసినట్టు పేర్చే పద్ధతి హంగేరీలో ఉంది, మన రైతు బజార్లలోనూ ఉంది. పండించినవాడే అమ్మాలన్న నియమం పెట్టిన ప్రతి చోటా ఆ నియమం చాటున లాభం చేసుకునేవాళ్ళు పుడతారు. మాకోలో నిమ్మకాయలు, అరటిపళ్ళు అమ్మే బల్ల కనిపిస్తే అది మోసమేమీ కాదు, అవి అక్కడ పండవని అందరికీ తెలుసు. మామూలు పట్టణ మార్కెట్‌లో రైతులూ వ్యాపారులూ పక్కపక్కనే అమ్మడం చట్టబద్ధమే. తరతరాలుగా మారుబేరం చేసే ఆడవాళ్ళు ఆ మార్కెట్లకు వన్నె తెచ్చారు కూడా. వ్యాపారి వ్యాపారిగా నిలబడితే గౌరవనీయుడే. బోర్డు మీద రైతు అని రాసి, జనవరిలో తోట టమాటాలు అమ్మితేనే చిక్కు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. నమోదు పట్టికలో అతని నేల ఎంతో, అందులో ఏముందో ఉంటుంది. రెండు సెంట్ల తోటలోంచి వారానికి టన్ను మిరప రాదని ఆ లెక్క చెబుతుంది. కావలసింది ఆ లెక్క అడిగే మనసు. సంత నడిపే పట్టణ పాలకవర్గం బల్లలు నిండితే చాలు, ఆశీలు వస్తే చాలు అనుకుంటే ఆ లెక్క ఎవరూ అడగరు.

ఇవన్నీ సరే, ఇలాంటి సంతలు దేశానికి తిండి పెట్టగలవా అంటారు. పెట్టలేవు, వాటిని అలా అడగడమే తప్పు. పిండి, పంచదార, నూనె, మాంసంలో అధిక భాగం పెద్ద గొలుసు దుకాణాల నుంచే వస్తుంది, రేపూ వస్తుంది. కానీ సంత మాత్రమే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. హంగేరీ ఇళ్ళలో వేసవి చివర జాడీలు నింపడం ఇంకా చావలేదు. టమాటా రసం, ప్లమ్ జామ్, పుల్ల చెర్రీల పాకం, దోసకాయల ఊరగాయ, మిరపా టమాటా కలిపి వండి నిల్వచేసే లెచో, ఇవి చలికాలానికి సిద్ధమవ్వాలి. ఆవకాయ కాలంలో మన ఇళ్ళు ఎలా ఉంటాయో ఆగస్టులో అక్కడి వంటిళ్ళు అలా ఉంటాయి. ఆ పనికి అందంగా ఒకే సైజులో ఉన్న నాలుగు టమాటాల ట్రే పనికిరాదు. బాగా పండి, ఆ రోజో మర్నాడో కాచెయ్యవలసిన పళ్ళు ఇరవై కిలోల పెట్టెలో కావాలి. గొలుసు దుకాణానికి ఆ పండు సమస్య, అది లారీ ప్రయాణం తట్టుకోదు, అరలో నిలవదు. సంత రైతుకు అదే మంచి సరుకు. జాడీలు నింపే అలవాటు ఉన్నంతకాలం పూర్తిగా పండిన పండుకు గిరాకీ ఉంటుంది, ఆ గిరాకీ ఉన్నంతకాలం అలాంటి చెట్లను కొట్టేయరు. ఆదివారపు సూపులో పార్స్లీ దుంపకూ ఇదే సూత్రం. వంటా పంటా ఒకదాన్నొకటి నిలబెట్టుకునే ఈ సంబంధం గణాంకాల్లో చిన్న శాతంగా కనిపించవచ్చు, ఆ శాతం పోతే మళ్ళీ తేలేం.

ఈమధ్య సంతలకు కొత్త ఆదరణ వచ్చింది, దాన్ని నేను సంతోషంతో పాటు కొంత జాగ్రత్తతోనూ చూస్తాను. బలతోన్ సరస్సుకు ఉత్తరాన, కొండల నడుమ కాప్తలాన్‌తోతి అనే చిన్న ఊరుంది. అక్కడి ఆదివారం సంతకు వేసవిలో దూర దూరాల నుంచి కార్లలో జనం వస్తారు. మేక జున్ను, లావెండర్, వైన్, పాత వస్తువులు, చేతిపనులు దొరుకుతాయి. దాని వల్ల చుట్టుపక్కల చిన్న రైతులకు నిజమైన ఆదాయం వచ్చింది. అయినా విహారానికి వచ్చినవాళ్ళు ఒకసారి కొని వెళ్ళిపోతారు, వచ్చే వారం నిలదీయరు. నేను ముందు చెప్పిన మళ్ళీ ఎదురుపడే సంబంధం అక్కడ పలచబడుతుంది. బుడాపెస్ట్‌లోని పెద్ద మార్కెట్ భవనం 1897లో తెరిచారు. శామూ పెట్స్ అనే వాస్తుశిల్పి కట్టిన ఆ ఇనుప కమానుల భవనం నిజంగా అందమైనది, నగరానికి శుభ్రమైన ఆహారం అందాలన్న ఆశయంతో కట్టినది. ఇప్పుడు దాని పై అంతస్తులో ఎక్కువగా కనిపించేవి కుట్టుపని గుడ్డలు, జ్ఞాపికలు. ఆ భవనం బతికి ఉండడం మంచిదే. చిన్న పట్టణం మాత్రం తన సంతను ఆ దారిన నడిపిస్తే ఉల్లి కొనే ముసలమ్మకు పోవడానికి చోటుండదు.

నాకు నిజంగా భయం కలిగించేది పర్యాటకం కాదు, వయసు. హంగేరీ సంత బల్లల వెనక నెరిసిన తలలే ఎక్కువ, బల్లల ముందూ అంతే. దేశంలో చిన్న కమతాల సంఖ్య తగ్గుతోంది, సాగుచేసేవాళ్ళ సగటు వయసు పెరుగుతోంది. ఇది కాలధర్మం, సంతను గౌరవంగా సాగనంపడమే మిగిలిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆరు గంటలకు తెరిచి పన్నెండుకు మూసే సంత పింఛనుదారుల కోసం ఏర్పడిన సంత. శుక్రవారం దాకా ఉద్యోగం చేసి శనివారం ఆలస్యంగా లేచే యువ దంపతులు అక్కడికి చేరేసరికి మంచివన్నీ అయిపోతాయి. ఇష్టం లేక కాదు, వేళ కుదరక వాళ్ళు దుకాణానికి వెళ్తారు. శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకూ సంత నడిపితే ఆ తరం వస్తుంది. ఇంటి నుంచే ముందుగా జాబితా పంపి, వారానికోసారి ఒక చోట బుట్ట అందుకునే బృందాలు హంగేరీలో ఇప్పటికే ఉన్నాయి. అవి సంతకు పోటీ అనుకోకుండా సంత ఆవరణలోనే వాటికి ఒక గది ఇవ్వవచ్చు. యువ రైతు మొదటి రెండేళ్ళూ బల్లకు ఆశీలు కట్టకుండా అమ్ముకునే వీలుంటే, ఆ పట్టణ బడ్జెట్‌లో తగ్గేది చాలా చిన్న మొత్తం. ఇవేవీ రాజధానిలో చట్టం మారేదాకా ఆగవలసిన పనులు కావు. సంత స్థలం సాధారణంగా పట్టణానిదే, వేళలు నిర్ణయించేది పట్టణమే, ఆశీలు రేటు రాసేదీ పట్టణ పాలకవర్గమే. 2012 చట్టం తలుపు తెరిచింది. ఇక ఆ తలుపు ఏ గంట నుంచి ఏ గంట దాకా తెరిచి ఉంచాలన్నది మాకో లాంటి ప్రతి ఊరూ తన సభలో తీర్మానించుకోగల సంగతి.